ఒక్కపొద్దు పూలు, బొటనవేలి లోతు

పోయిన నెల, రోహిణి కార్తె రెండో రోజు పొద్దున, నేను ప్రహరీ గోడ వెంబడి నిన్నటి వాడిన పూలు తుంచి పళ్లెంలో వేసుకుంటూ ముప్పై ఏడు దాకా లెక్కపెట్టి ఉండగా, పక్కింటి కోడలు గోడ మీదుగా తల పెట్టి, "టీచరాంటీ, మీరు వీటికి ఏం మందు కొడ్తరు?" అని అడిగింది. లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుని, నలభై రెండని పుస్తకంలో రాసుకుని, ఆ తరువాతే ఆమెకు జవాబిచ్చాను, మందేమీ లేదని. ఆమె నమ్మలేదు. ఈ కాలం వాళ్లకు ఏది పూసినా మందు వల్లే పూయాలి, ఏది చచ్చినా మందు లేకనే చావాలి.

ఈమె రెండేళ్ల కిందట నర్సరీ ఆటో వీధిలోకి వస్తే ఆరు డే లిల్లీ కుండీలు కొన్నది. ఒక్కో కుండీకి ఒక ప్లాస్టిక్ చీటీ వేలాడుతుంటే నేనే చదివాను, ఈ మొక్కకు ఏ సంరక్షణా అక్కర్లేదని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంది. ఏ సంరక్షణా అక్కర్లేని మొక్క కావలసిన మనిషి ప్లాస్టిక్ పువ్వు పెట్టుకోవచ్చు కదా అని మీరంటారు. అదీ పెట్టుకుంది, గేటుకు రెండు వైపులా, వాటి దుమ్ము మాత్రం వారం వారం శ్రద్ధగా కడుగుతుంది. ప్రాణమున్న మొక్కల చుట్టూ తెల్ల గులకరాళ్లు పరిచి, మధ్యలో ఒక సిమెంటు బాతును నిలబెట్టి, ఫోనులో గంట మోగినప్పుడల్లా నీళ్లు పోస్తుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే, ముందు రోజు వాన కురిసినా సరే. ఫోనుకు వాన సంగతి ఎవరు చెబుతారు?

రెండేళ్లయినా ఒక్కటీ పూయలేదంటే వెళ్లి చూశాను. చూడకుండా సలహా చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, నేను ఆ జాబితాలో లేను. గులకరాళ్లు తోసి మొక్క మొదట్లో వేలు పెడితే రెండో కణుపు దాకా దిగినా మెడ తగలలేదు. మెడ అంటే ఆకులూ వేళ్లూ కలిసే చోటు, మా నాయన దాన్ని అలా అనేవాడు. అప్పుడు నా నోట్లోంచి, నేను అనుకోకుండానే, "లోతుగ గుచ్చితె పిలకెయ్యదే" అన్న మాట వచ్చింది. ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లల హైస్కూలులో లెక్కలు చెప్పి, తరగతిలో పుస్తకాల భాష తప్ప మరొకటి మాట్లాడని నా నోట ఆ మాట విని ఆ పిల్ల పకపకా నవ్వి, ఎవరు నేర్పిండ్రాంటీ అని అడిగింది. మా నాయన అన్నాను. యాభై ఏళ్లుగా ఎవరడిగినా అదే చెబుతున్నాను. అది అబద్ధం. లెక్కల మనిషిని కనుక ఈ ఒక్క లెక్కా సరిచేసి పోదామని ఇది రాస్తున్నాను.

మా నాయన నిజాంసాగర్ డ్యాము దగ్గర ఒక బంగళాలో మాలీ. దొరలు వచ్చి బస చేసే బంగళా అది. మెట్ల నుంచి గేటు దాకా దారికి ఒక పక్కన ఆయన పూల వరుస ఉండేది, వెనుక మెట్టతామర, ముందు వానకు పూసే చిన్న లిల్లీలు, నడుమ ఈ నారింజ రంగు పూలు. వీటి అసలు పేరు ఆయనకు తెలియదు. ఎప్పుడో ఎవరో దొర తెప్పించి నాటించిన దుబ్బులట. ఒక్కో పువ్వు పొద్దున విచ్చుకుని ఆ రాత్రికల్లా ముడుచుకుపోతుంది కనుక ఒక్కపొద్దు పూలని ఆయనే పేరు పెట్టుకున్నాడు. పువ్వు ఒక్కరోజుదే కానీ కాడకు పది పన్నెండు మొగ్గలుంటాయి, ఒకటి పోతే ఒకటి, నెల పైన నడుస్తుంది. వాడినదాన్ని ఏ రోజుకారోజు తుంచేయాలి, లేకపోతే తడిగుడ్డలా మొగ్గల మీద పడి కుళ్లుతుంది. ఆయన తుంచేవాడు, నేను మెట్ల మీద కూర్చుని పలక మీద గీతలు గీసేదాన్ని, ఐదేసి గీతలకు ఒక అడ్డగీత. ఆయనకు అక్షరం రాదు. నాకు మట్టి అంటేది కాదు. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ బంగళాకు వచ్చే పెద్దమనుషుల గురించి చెప్పాలంటే, వాళ్లలో ఒక్కరు కూడా ఆ వరుస వైపు పొద్దుటిపూట చూసిన పాపాన పోలేదు. తొమ్మిదింటికి లేచి, పదింటికి తిని, సాయంత్రం దీపాలు పెట్టాక మాత్రం పూలు గుర్తుకొచ్చేవి. ఒక దొరసాని భోజనాల బల్ల మీద పెట్టించిన పూలు వడ్డన మొదలయ్యేసరికి ముడుచుకున్నాయని, నిన్నటివి తెచ్చి పెట్టావా అని మా నాయనను అందరి ముందు నిలబెట్టి తిట్టింది, పైగా రేపటి దాకా నిలిచేలా ఏదైనా చేయమంది. "రేపటివి రేపు పూస్తయి దొరసానీ" అన్నాడాయన, తల వంచుకునే. అంత చదువుకున్న మనిషికి పువ్వు ఒక్కరోజుదని చెప్పడానికి ఒక మాలీ కావలసి వచ్చింది, చెప్పినా ఎక్కలేదు. నేనప్పుడు ఆరో తరగతి. చదువుకున్నవాళ్ల మీద నాకున్న చిన్నచూపు ఆ రోజు మొదలైంది. నేనూ చదువుకున్నదాన్నే అవుతానని, అదే చూపు ఒకనాడు తిప్పి చూసుకోవలసి వస్తుందని అప్పుడు తెలియదు.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే పెళ్లయి బాన్సువాడకు వచ్చాను. మా నాయన పెట్టిన సారె తడి గోనెసంచిలో చుట్టిన ఏడు పిలకలు. ఆయన ఆ చలికాలమే పోయాడు. ఆయన స్థానంలో వచ్చినతను ఆ వరుసంతా తవ్వించి, అక్కడ జీపులు నిలుపుకోవడానికి మొరం పోయించాడని మరుసటి ఏడు మా తమ్ముడు ఉత్తరం రాశాడు. ఉత్తరం మడిచి పెట్టి వెళ్లి గోడ దగ్గర నా ఏడు పిలకల ముందు నిలబడ్డాను. ఆయన చేతి మొక్కలు ఇక లోకంలో ఇవే.

వాటిని నేను నాటిన తీరు చెబుతాను, నవ్వకండి. స్కూలు నుంచి స్కేలు తెచ్చాను. పిలకకూ పిలకకూ మధ్య పద్దెనిమిది అంగుళాలు. లోతు నాలుగున్నర అంగుళాలు, మెడ మీది నుంచి. మన ఎండలు ఎలాంటివో నాకు తెలుసు కనుక, లోతుకు పోయిన కొద్దీ చల్లగా ఉంటుంది కనుక, నేలసంపెంగ గడ్డలు లోతుగానే పాతుతారు కనుక, ఇవీ అంతే అని తేల్చాను. మూడు కారణాలూ కాగితం మీద చక్కగా ఉన్నాయి. మా నాయన పక్కన పదేళ్లు కూర్చున్నాను కానీ ఆయన మట్టిలో వేళ్లు ఎంత దాకా పెడుతున్నాడో ఒక్కసారీ వంగి చూడలేదు. నా పని లెక్కపెట్టడం.

మూడేళ్లు ఒక్క పువ్వు లేదు. ఒక పిలక కుళ్లి పోయింది, రెండు కొత్తవి వచ్చాయి, మొత్తం ఎనిమిది. మూడేళ్లకు నూటికి పద్నాలుగు పెరుగుదల. వాటి ఆకులు కూడా పసుపు తిరిగి, వడ్లు కొట్టిన గడ్డిలా వేలాడేవి. మా వీధిలో అందరూ వరి పండించేవాళ్లే, అందరికీ తెలిసిన వైద్యం ఒక్కటే, నీళ్లు నిలబెట్టి యూరియా చల్లు. ఒకాయన అయితే మా మడికి గట్టు వేస్తానని పార తీసుకుని వచ్చాడు. కాలువ నీళ్లు పారిన నేల మీద పుట్టిన మనిషికి నీళ్లు ఎక్కువై చచ్చే మొక్క ఒకటుంటుందంటే కథ చెప్పినట్టుండేది.

మా ఇంట్లో అప్పుడు మా ఆడబిడ్డ ఉండేది, మా ఇంటాయనకు అక్క, నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. భర్త పోయి కూతుర్ని వెంటబెట్టుకుని తమ్ముడింటికి వచ్చింది. వర్ని వైపు కాలువ కింద పొలాల్లో నాట్లు వేసే పద్దెనిమిది మంది ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. తెల్లారకముందే గుంపును కూడేసుకుని ట్రాక్టరెక్కి పోయేది, పొద్దుగూకినాక మోకాళ్ల దాకా ఎండిన బురదతో వచ్చేది. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, గడియారం పెట్టుకుని, పుస్తకాలు పట్టుకుని వెళ్లేదాన్ని. వాకిట్లో ఆమె కాళ్లు కడుక్కున్న బురద నీళ్లు నా పూల వరుస వైపు పారకుండా ఇటుకలు కూడా అడ్డం పెట్టాను. ఆమె నన్ను పంతులమ్మ అనేది. నా పూలను గడ్డి అనేది. వచ్చినప్పుడల్లా అటు చూసి, "గా గడ్డికి ఇంకా తొలిసూరు గాలేదా పంతులమ్మా?" అని, తొలి ఈత కాని పెయ్యను గురించి అడిగినట్టు అడిగి, తన మాటకు తనే నవ్వుకుంటూ లోపలికి పోయేది.

నాలుగో ఏడు చిత్త కార్తె చివర నాకు జిల్లా కేంద్రంలో పది రోజుల శిక్షణ పడింది. అది ముగించుకుని స్వాతి కార్తె నాలుగో రోజు సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చి చూద్దును కదా, గోడ పక్క కోసిన పొలంలా ఉంది. ఎనిమిది పిలకలూ పీకి, ఆకులు సగానికి కోసి, నా పద్దెనిమిది అంగుళాల లెక్క తీసేసి, జానెడు దూరాన మళ్లీ నాటేసి ఉన్నాయి. లాగితే ఊడివచ్చేటట్టు, పైపైన. మెడలు మట్టి మీదికే కనబడుతున్నాయి. మా ఆడబిడ్డ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. వరి కోతలకు ఇంకా వారముంది, ఖాళీగా ఉండలేక చేసిందట. నారు నాటేముందు కొసలు తుంచినట్టు ఆకులు తుంచిందట.

సంచి కింద పెట్టకుండానే అన్నాను. ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా నాకు జ్ఞాపకముంది. బురదలో బతికేదానికి పూల సంగతి ఏం తెలుసు, అన్నాను. ఇది మా నాయన, నువ్వు పీకింది మా నాయనను, అని కూడా అన్నాను.

ఆమె చాట కింద పెట్టింది. "లోతుగ గుచ్చితె పిలకెయ్యదే, వరైనా గింతే. మెడ దాకా పాతిపెడితె మనిషికే ఊపిరాడది, గడ్డికాడుతదా? బొటనేలంత సాలు" అన్నది. ఆపైన, "గా బురదలకెళ్లే గదనే నీకు బువ్వొచ్చేది" అని చాట మళ్లీ అందుకున్నది. మా ఇంటాయన అప్పుడు పేపరు చదువుతున్నాడు. ఆ సాయంత్రం ఆయన పేపరు ఎంతసేపు చదివాడంటే, ప్రకటనలతో సహా మూడు సార్లు పూర్తయి ఉండాలి. అక్కా భార్యా పోట్లాడుకుంటే మగవాళ్లకు దేశ వ్యవహారాల మీద ఎక్కడ లేని శ్రద్ధ పుడుతుంది.

మళ్లీ లోతుగా నాటుదామని స్కేలు తీశాను. కానీ ఇంకోసారి పీకితే చస్తాయని భయమేసి వదిలేశాను. అంతే, నా తెలివి కాదు, భయం. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ రెండు వందల పదమూడు రోజులు మాట్లాడుకోలేదు. నేను లెక్కపెట్టాను. ఆమె లెక్కపెట్టి ఉండదు.

రెండు వందల పద్నాలుగో రోజు పొద్దున, రోహిణి కార్తెలో, మొదటి పువ్వు విచ్చుకుంది. అప్పటికే ఐదు పిలకలకు కాడలు వచ్చి ఉన్నాయి, నేను చూసీ చూడనట్టు తిరుగుతున్నాను. ఆమె ట్రాక్టరు కోసం బయటికి వెళ్తూ గోడ దగ్గర ఆగి, "గడ్డి పూసిందే" అన్నది. ఆ గొంతులో గెలిచిన ధ్వని ఒక్క రవ్వ లేదు. నేను ఆ పూట ఆమెకు సద్ది కట్టి ఇచ్చి, కాలువకు నీళ్లు వదిలారటగా వదినె, అన్నాను. అలా మాటలు కలిశాయి. పూల సంగతి ఆ రోజూ ఎత్తలేదు, తరువాతా ఎత్తలేదు. ఆ వేసవి మొత్తం అరవై ఒక్క పూలు. నా పుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. కారణం అని నేనే గీసుకున్న గడిలో, నా చక్కటి దస్తూరీలో, పశువుల ఎరువు రెండు గంపలు అని రాశాను. ఎరువు వేసిన మాట నిజమే. అంతకుముందు మూడేళ్లూ కూడా వేశాను.

తరువాత అన్నీ మా నాయన పేరు మీద నడిచాయి. నాలుగేళ్లకోసారి దుబ్బులు విడదీశాను, ఆకులు సగానికి కోశాను, బొటనవేలి లోతున నాటాను, ఊళ్లో ముప్పై తొమ్మిది ఇళ్లకు పంచాను. అడిగినవాళ్లందరికీ మా నాయన విద్య అని చెప్పాను. మాలీ తండ్రిని చెప్పుకోవడానికి నాకెప్పుడూ సిగ్గు లేదు. కానీ నాట్లు వేసే ఆడబిడ్డ దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి, లెక్కల టీచరుకు, నోరు రాలేదు. ఆమె కూతురికి పెళ్లయి, వాళ్లు వర్ని దగ్గర పల్లెలో రెండెకరాలు కొనుక్కున్నాక ఆమె అక్కడికే వెళ్లిపోయింది. మా ఇంటాయన పోయినప్పుడు వచ్చి పది రోజులుండి వెళ్లింది. అప్పుడైనా చెప్పవలసింది.

పక్కింటి పిల్లకు అబద్ధం చెప్పిన తొమ్మిదో రోజు, మృగశిర ఇంకా రాకముందు, ఒక దుబ్బు తవ్వి, నాలుగు పిలకలు తీసి కుండీలో పెట్టుకుని, ఆటో మాట్లాడుకుని బయలుదేరాను. ఆమెకు ఎనభై ఐదేళ్లు. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చూపు మందగించింది. ఎవరూ అని అడిగి, గొంతు పట్టి, "ఏందే పంతులమ్మా, తొవ్వ తప్పినవా?" అన్నది. నేను కుండీ ఆమె ఒళ్లో పెట్టాను. ఆకులు తడిమి, "అవ్వో, గా గడ్డి ఇంకున్నదా!" అని నోరంతా తెరిచి నవ్వింది, పన్ను లేదు.

నేను దారి పొడుగునా కూర్చుకున్నదంతా చెప్పాను. స్వాతి కార్తె నాలుగో రోజనీ, ఎనిమిది పిలకలనీ, అరవై ఒక్క పూలనీ, ఎరువని తప్పు రాశాననీ. ఆమె ఓపికగా విని, చివరికి, "నాకు యాదికే లేదే. ఎన్ని పొలాలు నాటేసిన, ఎన్ని మడులు, గిదెక్కడ యాదుంటది?" అన్నది. యాభై ఏళ్లు నేను మోసిన బరువు ఆమె దగ్గర అసలు లేదు. నాకు నిజానికి కొంచెం కోపం కూడా వచ్చింది, ఇంత కష్టపడి ఒప్పుకున్నది వినడానికి ఆ మనిషి అక్కడ లేనట్టుగా.

అంతలో ఆమె కుండీలోకి వేలు పెట్టి మొక్కల మొదళ్లు తడిమింది. అప్పుడు తనలో తను నవ్వుకుంటూ, కళ్లు ఎటో పెట్టి, "బురదల బతికేదానికి ఏమెరుక అన్నవు జూడు, గది యాదున్నది" అన్నది.

పూలు నాటింది మరిచిపోయింది. ఆ మాట మరిచిపోలేదు. ఒక్కపొద్దుకే ముడుచుకుపోయే పూలను నేను ఏటేటా లెక్కపెట్టి రాసుకుంటూ ఉంటే, ఒక్క నిమిషంలో నేనన్న మాట ఆమె దగ్గర ఇన్నేళ్లూ వాడకుండా ఉంది. తప్పన్నాను వదినె, అన్నాను. అంతకన్నా పొడుగాటి వాక్యం రాలేదు. "అన్నవులే" అన్నదామె. క్షమించానని అనలేదు. కుండీ నా వైపు జరిపి, "ఒకటి లోతున్నది. మీదికి గుంజు" అన్నది. చూపు సరిగా ఆనని మనిషి. నేను గుంజాను. అప్పుడు ఆమె బొటనవేలు చూశాను, గోరు అరిగి అరిగి చదునై, సగమే మిగిలి ఉంది. నా బొటనవేలికి సిరా మరక కూడా లేదిప్పుడు.

తిరిగి వస్తుంటే కాలువ పక్క పొలాల్లో ఎవరో నాటు యంత్రాన్ని తెచ్చి నిలిపి ఉంచారు, వానాకాలం నాట్లకు. లోతు ఎంత కావాలో దానికి ఒక మీట ఉంటుందట, తిప్పితే చాలట, ఆటోవాడు గొప్పగా చెప్పాడు. మంచిదే, ఆడవాళ్ల నడుములు మిగులుతాయి. ఆ నడుముల మీద బతికిన నాలాంటివాళ్లు అయ్యో అనడం సిగ్గుచేటు. కానీ ఆ పద్దెనిమిది మందికి లోతు వేలికొసల్లో ఉండేది, ఎవరూ అడగలేదు, ఎవరూ రాసుకోలేదు, రాయగల నేను ఇటుకలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మన ఈడు చదువుకున్న ఆడవాళ్లలో ఇలాంటి ఇటుకలు పెట్టినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు.

ఇంటికి వచ్చి ఆ పాత పేజీ తీసి, ఎరువు అన్నదాన్ని ఒక గీతతో కొట్టి, పక్కన మా వదినె పేరు రాశాను. మర్నాడు పొద్దున పక్కింటి కోడలిని పిలిచి, నీకు మొన్న అబద్ధం చెప్పాను, ఇది మా ఆడబిడ్డ విద్య, అన్నాను. ఆమెకు ఆ తేడా ఏమీ పట్టలేదు. గులకరాళ్లు ఏరించి, ఆరు మొక్కలూ తీయించి, బొటనవేలంత లోతు చాలు అంటే, ఆ పిల్ల ఫోను తీసి, "అంటే ఎన్ని సెంటీమీటర్లాంటీ?" అని అడిగింది. వెనకటి నేనైతే స్కేలు తెచ్చి ఇచ్చేదాన్ని. ఫోను అవతల పెట్టించి, ఆ మెత్తటి వేలు పట్టుకుని మట్టిలోకి నొక్కాను. గోటిలోకి మట్టి పోయిందని మూతి ముడుచుకుంది. సిమెంటు బాతు మా ఇద్దరినీ చూస్తూ నిలబడింది.